నిలకడ లేని మనిషి

ఆ సాయంత్రం నేను సర్వపిండి కలుపుతున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా దీక్షిత వంటింటి గడప మీద కూర్చుని ఇంగ్లీషు పాఠం చూసుకుంటూ, "డాడీ, కన్సిస్టెన్సీ అంటే ఏంది?" అని అడిగింది. మా ఆయన ప్రేమ్‌సాగర్ డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, తువ్వాల కొసతో చెవుల్లోని బొగ్గు తీసుకుంటున్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మీ మమ్మీకి లేంది" అన్నాడు.

దీక్షిత పకపకా నవ్వింది. టీవీ ముందు కూర్చున్న మా అత్తమ్మ సత్తవ్వకు ఆ ఇంగ్లీషు మాట తెలియదు. అయినా కొడుకు నా మీద ఏదో విసిరాడని పసిగట్టి తనూ నవ్వింది. నేనూ నవ్వాను. చేతులు మణికట్ల దాకా పిండిలో ఉన్నప్పుడు మనిషి నవ్వడం తప్ప ఇంకేం చేస్తుంది?

"జోక్ కాదు డాడీ, మీనింగ్ చెప్పు."

"మీనింగే చెప్పిన బిడ్డా. ఒక్క పని పట్టుకుంటే ఇడువకుంట చేసుడు. నన్ను జూడు. ఎండ గానీ వాన గానీ, జరమొచ్చినా సరే, బాయి మీదికి పోవుడంటె పోవుడే. గా గోడకున్నదేంది? గదే కన్సిస్టెన్సీ."

గోడకున్నది రిపబ్లిక్ డే నాడు ఆయనకిచ్చిన ప్రశంసాపత్రం. మా శ్రీరాంపూర్ కాలనీలో బొగ్గుబావిని బాయి అంటాం, హాజరును మస్టర్ అంటాం. ఒక్క మస్టరూ పోగొట్టుకోని కార్మికుడని ఆయనకు శాలువా కప్పారు. బాయిలో ఎలక్ట్రీషియన్‌ ఆయన. ఆ రోజు నేనూ వెళ్ళాను, ఇస్త్రీ చీర కట్టుకుని చప్పట్లు కొట్టాను. ఆయన కష్టం నాకు తెలియనిది కాదు. భూమి కిందికి దిగి పైకొచ్చే మనిషి కోసం ఎదురుచూడటం ఎట్లా ఉంటుందో కాలనీలో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

నాకు అది లేదన్నది కూడా అబద్ధం కాదు. పెళ్ళైన కొత్తలో కుట్టుమిషన్ నేర్చుకోబోయాను. జాకెట్ కత్తిరించడం దాకా వచ్చేసరికి దీక్షిత కడుపులో పడింది, డాక్టరు మంచం దిగొద్దంది, మిషను సజ్జ మీదికెక్కింది. పిల్ల నడక నేర్చాక కాలనీ దగ్గరి ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. పిల్లలు నన్ను ఇష్టపడ్డారు కూడా. మామయ్య గట్టయ్యకు ఊపిరితిత్తులు పాడై, రాత్రింబవళ్ళు మంచం పక్కన ఒకరుండాల్సి వచ్చింది. మానేశాను. మామయ్య పోయాక దూరవిద్యలో ఎం.ఏ.కు కట్టాను. ఆదివారం ఆదివారం మంచిర్యాలలో క్లాసులు. మా ఇంటికి చుట్టాలొచ్చేదీ ఆదివారమే. తర్వాత దీక్షితకు కామెర్లయ్యాయి, పరీక్షలు పోయాయి. ఆఖరికి పొద్దున్నే నడుద్దామని బూట్లు కొనుక్కుంటే, ఆయనకు మొదటి షిఫ్టు పడి టిఫిన్ డబ్బా వేళ ముందుకు జరిగింది. ప్రతిసారీ అత్తమ్మ గుమ్మంలో కూర్చుని పక్కింటి రామవ్వతో ఒకటే మాట: "మా కోడలు పట్టుమని పది దినాలు ఒక్క పని మీద నిలువదు. ముట్టిచ్చుడే గానీ ముగిచ్చుడు లేదు." ఆయన మాట ఇంకొంచెం మెత్తగా ఉండేది. "మల్ల ఏం షురూ జేసినవే?" అనేవాడు నవ్వుతూ. వాళ్ళు అన్నందుకు కాదు, నేను నమ్మినందుకు నాకు ఇప్పటికీ నొప్పి. ఏదైనా కొత్తపని మొదలుపెట్టాలని మనసు లాగితే, ఎవరూ ఏమీ అనకముందే నాలోంచే ఒక గొంతు నవ్వేది. ఎన్నాళ్ళులే, అని.

దీక్షిత నా ముఖం చూసి ఏమనుకుందో, నవ్వు ఆపేసి పుస్తకంలోకి తల దించుకుంది. నేను పిండి పెనానికి ఒత్తాను.

ఆ వానాకాలమే అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. పెరట్లో తీగ మీద చీర ఆరేస్తూ, చీరతో పాటే కిందికి జారిపోయింది. మంచిర్యాల నుంచి కరీంనగర్ తీసుకెళ్ళాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. కాలనీలో ఏ గొడవైనా తన గొంతుతో తెంపేసే మనిషి, మూతి ఒక పక్కకు వంగి, ముక్కులో గొట్టంతో, కళ్ళు మాత్రం తిప్పుతూ పడుకుంది.

గొట్టం తీసేసే రోజున మధులిక అనే అమ్మాయి వచ్చింది. కరీంనగర్ పిల్లే. పక్షవాతం వచ్చినవాళ్ళకు మాట, మింగడం మళ్ళీ నేర్పే థెరపిస్టు. మంచం దగ్గర నిలబడి కాదు, స్టూలు లాక్కుని అత్తమ్మ కళ్ళకు సమానంగా కూర్చుని మాట్లాడింది. ఆ ఒక్కదానికే ఆమె నాకు నచ్చింది.

"ఇంట్ల అమ్మకు తినిపించేది ఎవరు?" అని అడిగింది.

మా ఆయన నా వైపు చూశాడు. "నేనే" అన్నాను.

"అయితే మీరే వినాలె. అమ్మ మింగుడు మర్చిపోయింది. నీళ్ళు పోస్తే గొంతు తయారయ్యే లోపలనే ఊపిరితిత్తులకు జారిపోతయి. అందుకని నీళ్ళు నీళ్ళలెక్క ఇయ్యొద్దు. చాయ్ వద్దు, మజ్జిగ వద్దు. ఏదైనా చిక్కగ చేసే ఇయ్యాలె. మరీ ముద్దయితే గొంతుల నిలుస్తది. చెంచా వంచితే జారాలె, కారొద్దు. కన్సిస్టెన్సీ చాలా ఇంపార్టెంట్. ఒక్కపూట తేడా వచ్చినా నిమోనియాకు దారి తీస్తది."

ఆ మాట వినగానే నా తల పైకి లేచింది. "కన్సిస్టెన్సీ అంటే నిలకడ అని కద మేడం?" అని అడిగేశాను.

ఆమె నవ్వింది. "రెండిటికీ అదే మాట. జావ చిక్కదనాన్ని గూడ గదే అంటరు. ఇయ్యాల ఎంత చిక్కగ కలిపినరో రేపూ అంతే కలపాలె. అప్పుడు రెండు అర్థాలూ ఒకటే అయితయి."

మా ఆయన అప్పటికే గది బయట ఫోన్‌లో ఉన్నాడు. రేపటి షిఫ్టు గురించి.

మధులిక చేసి చూపించింది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. గదువను, అంటే గడ్డాన్ని, ఛాతీ వైపు వంచాలి. అరచెంచా మాత్రమే, పనిచేసే వైపు దవడలో పెట్టాలి. గొంతు పైకి లేచి దిగిందా అని చూడాలి. ఆ తర్వాత 'ఆ' అనిపించాలి. గొంతులో నీళ్ళ గరగర వినిపిస్తే ఆగాలి. తొందర పడితే ఆమెకు ప్రమాదం, విసుక్కుంటే ఆమెకు అవమానం. ఈ చివరి మాట మధులిక నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

ఇంటికి తెచ్చుకున్నాం. హాల్లో టీవీ తీసేసి మంచం వేశాం. తైదల జావ, అదే రాగిజావ, పొయ్యి మీద ఉన్నప్పుడు ఒక తీరుగా ఉంటుంది, దించాక ఒక తీరుగా, చల్లారితే ఇంకో తీరుగా. ముసురు పట్టిన రోజు ఒకలాగా, ఎండ కాసిన రోజు ఇంకోలాగా. మొదట్లో నా చేతులు వణికేవి. ఆమె దగ్గితే నా ప్రాణం పోయేది. మెల్లగా గరిటె కదిలే బరువును బట్టి తెలిసిపోవడం మొదలైంది, ఇంకొంచెం ఆగాలనీ, ఇక చాలనీ. మంచినీళ్ళలో కూడా మధులిక ఇచ్చిన పొడి కలిపి, గంజిలా చేసి తాగించేదాన్ని.

తినిపించడం కష్టం కాదు. దాహం కష్టం. అత్తమ్మ చిక్కటి నీళ్ళు నోట్లో పెట్టుకుని, అవి నీళ్ళు కావని తెలియగానే ఉమ్మేసేది. ఎడమచేత్తో మూలనున్న కుండను చూపించేది. "నీ... నీ..." అనేది. ఎంతకాలానికో తిరిగొచ్చిన మొదటి అక్షరం అది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, తర్వాత కోపం తిరిగేది. ఒకసారి గిన్నె విసిరికొట్టింది. తడిబట్టతో పెదాలు తుడిచి, నా ముఖం ఆమెకు కనబడకుండా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. దాహమన్న మనిషికి నీళ్ళు ఇవ్వకపోవడం ఎంత పెద్ద పాపమని పెరిగాను నేను. రోజూ ఆ పాపం చేస్తేనే ఆమె బతుకుతుంది.

రామవ్వ చూడటానికి వచ్చినప్పుడు అత్తమ్మ ఆమెకూ కుండ చూపించింది. "గిదేం పాపమే శ్యామలా, ముసల్దానికి గుక్కెడు మంచినీళ్ళు పొయ్యవా? ఇన్ని దినాలకు నీ రాజ్యమొచ్చిందని సాధిస్తున్నవా?" అన్నది. వివరంగా చెప్పాను. తలూపి వెళ్ళి, వీధి కుళాయి దగ్గర తనకు తోచినట్టు చెప్పింది. ఆ మాట మా ఆయన దాకా వచ్చింది. "రామవ్వ ఏమో అంటుంది గదా" అన్నాడు బూట్ల లేసులు కట్టుకుంటూ. "ఏమంటుంది?" అన్నాను. "ఏం లేదులే, జర జూసుకో" అని టిఫిన్ డబ్బా అందుకున్నాడు. గుమ్మంలోంచే "అవ్వా, పోయొస్త" అని కేకేసి బండి తీశాడు.

బండి చప్పుడు మలుపు తిరిగిపోయింది. చెంచా నా చేతిలో ఉంది. అత్తమ్మ నోట్లో జావ ఉంది, గొంతు ఇంకా లేవలేదు. నేను ఎదురుచూస్తున్నాను. అట్లా ఎదురుచూస్తుండగానే గోడ మీది ప్రశంసాపత్రం వైపు నా కళ్ళు వెళ్ళాయి. ఇన్నేళ్ళూ దుమ్ము తుడిచాను గానీ ఎన్నడూ దాన్ని చదవలేదన్నట్టు చూశాను. మామయ్య దగ్గు, పిల్ల కామెర్లు, ఇప్పుడు అత్తమ్మ. ఒక్కొక్కటీ ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా నా పని తెగింది. ఆయన మస్టర్ తెగలేదు. ఒక మనిషి ఒక్కరోజూ ఆగకుండా పోతూ ఉండాలంటే ఇంట్లో ఇంకో మనిషి ఆగిపోవాలి. ఆ ఆగిపోయే మనిషిని నేను. నాకు నిలకడ లేకపోవడం కాదు, నా నిలకడంతా తీసి ఆయన పేరు మీద రాశారు. ఆ ఆలోచనకు నాకు కోపం రాలేదు. చాలా ఏళ్ళుగా వేసుకున్న బిగుతు జాకెట్ హుక్కు ఒకటి ఊడినట్టు, ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా వెళ్ళింది.

అత్తమ్మ గొంతు లేచి దిగింది. "ఆ" అంది. గరగర లేదు.

అప్పుడు ఆమె ఎడమచెయ్యి చాచి నా చేతిలోంచి చెంచా లాక్కుంది. మళ్ళీ విసురుతుందేమో అనుకున్నాను. గిన్నెలో ముంచి, వణుకుతూ వణుకుతూ నా నోటి దగ్గరికి తెచ్చింది. నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని ఆమెకు ఎట్లా తెలిసిందో. నోరు తెరిచాను. తెరుస్తూ తెరుస్తూ, అలవాటు కొద్దీ, నా గదువ ఛాతీ వైపు వంచాను. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. వంకర మూతితో, గొంతు లేని గొంతుతో, మంచం కదిలేలా నవ్వింది. ఆమె నన్ను చూసి నవ్విన నవ్వులన్నీ నాకు గుర్తే. కానీ ఆ రోజు నేను పక్కన కూర్చుని ఆమెతో నవ్వాను.

చలికాలం మొదట్లో దీక్షిత బడిలో తల్లిదండ్రుల మీటింగు పడింది. ఆయనకు ఆ రోజు వీక్లీ ఆఫ్. అన్నీ చేసిపెట్టి, "నేను వచ్చినంక తినిపిస్త, నువ్వు ఊకె పక్కకు కూసో చాలు" అని చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం కింద ఖాళీ చాయ్ గ్లాసు ఉంది. "ఎవ్వలు తాగిండ్రు?" అన్నాను. "నేనే" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా. అత్తమ్మ నా వైపు చూడలేదు.

మర్నాటికి ఆమె ఒళ్ళు కాలిపోయింది. ఊపిరిలో పిల్లి కూత. మంచిర్యాల ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లోకి ఏదో దిగిందన్నారు. వారంలో కొన్ని రోజులు మధులిక కరీంనగర్ నుంచి ఆ ఆసుపత్రికి వస్తుంది. ఆమె వచ్చి ఛాతీ ఫోటో చూసి, "ఇన్ని నెలలు ఒక్కసారి గూడ కాలేదు. ఇప్పుడెట్లయింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"ఏం చెప్పాలె మేడం. మా ఆమె ఒకనాడు సక్కగ కలుపుతది, ఒకనాడు పల్సగ కలుపుతది. మొదటి సంది గంతే, నిలకడ లేదు."

పక్క మంచం వాళ్ళు విన్నారు. సూది వేస్తున్న నర్సు నన్నొకసారి చూసి తల తిప్పుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. చాయ్ గ్లాసు కళ్ళ ముందు కదిలింది. కానీ గ్లాసును చూశాను తప్ప తాగించడం నేను చూడలేదు. అంతకన్నా, మంచం మీద ఆమె ఊపిరికి కొట్టుకుంటుంటే నేను న్యాయం కోసం కొట్లాడటం ఎట్లా అనిపించింది. ఊరుకున్నాను. నా అలవాటే అది.

అత్తమ్మ ఎడమచెయ్యి మంచం ఇనుప పట్టీ మీద టక్కు టక్కుమని కొట్టింది. అందరం చూశాం.

"చా... చాయ్" అంది.

మధులిక వెంటనే ఆమె ముఖం దగ్గరికి వంగింది. "చెప్పమ్మా, నిమ్మళంగ చెప్పు."

అత్తమ్మ వేలు ఎత్తి కొడుకును చూపింది. "వాడు." ఆయాసపడింది. ఆ చేతినే తన గుండె మీద పెట్టుకుంది. "నేనే... అడి... అడిగిన." ఇంకొంచెం ఊపిరి కూడగట్టుకుని నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. "గీమె... కాదు."

పక్షవాతం వచ్చాక ఆమె అన్ని మాటలు వరసగా అనడం అదే మొదలు. ఈ ఇంటికి నేను వచ్చాక కొడుకు పక్షాన కాకుండా నా పక్షాన మాట్లాడటం కూడా.

మా ఆయన గదిలోంచి వెళ్ళిపోయాడు. కాసేపయ్యాక వెళ్ళి చూస్తే వరండా చివర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని.

"చెయ్యి వట్టుకున్నది శ్యామలా" అన్నాడు. "చిన్నపోరి లెక్క అడిగింది. ఒక్క గుటికెడు, ఒక్క గుటికెడు అన్నట్టు వేలు సూపిచ్చింది. నా అవ్వ. చాయ్ తాగంది పొద్దు పొడువకపోయేది ఆమెకు. ఎట్ల ఇయ్యకుంట ఉంట చెప్పు?"

ఏడుస్తున్నాడు. బాయి పైకప్పు కూలి పక్కనోడు పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన వీపు మీద చెయ్యి వేశాను. వేశాను గానీ, పోనీలే అనలేదు.

"నన్ను రోజూ అడుగుతది" అన్నాను. "గట్లనే చెయ్యి వట్టుకొని అడుగుతది. నేను రోజూ ఇయ్యకుంట ఉంటున్న. ఇయ్యకుంట ఉండుడు గూడ పనే."

సాయంత్రం మధులిక వెళ్ళబోతుంటే ఆయన గేటు దాకా వెనకాలే వెళ్ళాడు. ఏం మాట్లాడాడో నాకు వినబడలేదు. తిరిగొచ్చి, "మేడంకు చెప్పిన, తప్పు నాదేనని" అన్నాడు, గోడను చూస్తూ.

అత్తమ్మ కోలుకుంది. ఇంటికి పంపే రోజున మధులిక నన్ను పక్కకు పిలిచింది. మంచిర్యాలలో తను ఒక చిన్న సెంటరు తెరుస్తోంది. "శ్యామలక్కా, మీరు వస్తరా? నేను ఎట్ల తినిపించాల్నో చెప్తే ఇంటోళ్ళు తలూపుతరు. ఇంటికి పోయినంక భయపడ్తరు. పక్కన కూసొని, వాళ్ళ చెయ్యి పట్టుకొని నేర్పే మనిషి కావాలె. నేను శిక్షణ ఇస్త, జీతం ఇస్త. పొద్దున వచ్చి పగటాల ఒంటిగంటకు పోవచ్చు. కానీ రోజూ రావాలె."

రోజూ. ఆ మాట దగ్గర నా లోపలి గొంతు ఎప్పటిలాగే నవ్వబోయింది. ఈసారి దాన్ని ఆపి, అది ఎవరి గొంతో విన్నాను. సగం అత్తమ్మది, సగం ఆయనది. నాది అందులో లేదు. "వస్త" అన్నాను.

ఇంట్లో చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగాడు. "మంచిదే. వద్దంటలే. కానీ ఎన్ని దినాలు పోతవ్? నాలుగు దినాలు పోయి బంద్ వెడితే మేడం ముంగట ఇజ్జత్ పోతది."

నాకు గొంతు పెంచాలనిపించలేదు. "నేను ఏదన్న పని ఇడిసిపెట్టిన దినం ఒక్కటి యాదికి తెచ్చుకో. మీ బాపుకు దమ్ము ఆడక, బడి మానేసిన దినం. పిల్లకు కామెర్లయి నా పరీక్ష పోయిన దినం. ఏదన్న ఒకటి."

"ఊ."

"గా దినం నువ్వెక్కడున్నవ్?"

ఆయన కంచంలోకి చూశాడు. "బాయి మీద" అన్నాడు.

దీక్షిత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి వెళ్ళి తండ్రికి మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

"మరి పగటిపూట అవ్వకెట్ల?" అన్నాడు ఆఖరుకు.

"రెండో షిఫ్టు అడుగు. నేను వచ్చేదాక నువ్వుండు, నువ్వు పోయినంక నేనుంట. నేర్పుత."

నేర్పాను. ముందు ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి, గదువ వంచమని, చిక్కటి నీళ్ళు అరచెంచా నోట్లో పెట్టాను. ముఖం అష్టవంకర్లు పోయింది. "థూ. గివి నీళ్ళా? గివ్వా నువ్వు అవ్వకు ఇస్తున్నయి?" మింగలేక మింగి, తల్లి వైపు తిరిగి చూశాడు. అత్తమ్మ మంచం మీంచి దర్జాగా తలాడించింది, ఇప్పుడు తెలిసిందా అన్నట్టు. మొదట్లో ఆయన జావ ఉండలు కట్టించాడు, మాడబెట్టాడు. తినిపిస్తుంటే చెంచా ఊరికే ముందుకు పోయేది. "ఆగు, ఆమె గొంతు లేవలే" అని నేను ఆయన మోచెయ్యి పట్టుకునేదాన్ని. కేబుల్ వైర్లు అతికే చేతులు, నిదానం వాటికి కొత్త కాదు. తల్లి దగ్గర నిదానంగా ఉండటమే కొత్త. ఎక్కువ రోజులు కాకముందే, తినిపిస్తూ బాయి ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాడు. అత్తమ్మ రెండు చెంచాల మధ్య "ఆ?" అని అడిగేది, తర్వాతేమైందని.

నేను సెంటరుకు పోతున్నాను. పొద్దున ఆటోలో నా వయసు ఆడవాళ్ళు, చేతుల్లో సంచులు, మెడలో ఐడీ కార్డులు. కొత్తలో కాలు గేటు దాటేటప్పుడల్లా లోపలి నుంచి దగ్గు వినబడుతుందేమోనని చెవి వెనక్కి లాగేది. ఇప్పుడూ లాగుతుంది. కాలు మాత్రం ఆగదు.

మొన్న ఒకరోజు, నస్పూర్ నుంచి అంతయ్య అనే పెద్దాయన్ని తీసుకొచ్చారు. బాయిలో చేసి రిటైరైన మనిషి. వెంట కోడలు, చేతులు నలుపుకుంటూ. "నాకు భయమైతుందక్కా, నా చేతులల్లనే ఏమన్న అయితే అందరు నన్నే అంటరు" అంది. "అంటరు" అన్నాను. "అన్నా గూడ నీ చెయ్యి వణకొద్దు. రా, కూసో." పెద్దాయన గదువ వంచి, మొదటి చెంచా నేను పెట్టి, గొంతు లేవడం కోసం చూస్తున్నాను. ఫోన్ మోగింది, ఇంటి నుంచి. ఆయన.

పక్కన ఉన్న కోడలితో ఫోన్ చెవి దగ్గర పెట్టించుకున్నాను.

"శ్యామలా, అవ్వకు కడుపు కరాబైంది. బట్టలల్లనే అయ్యింది. మల్ల మల్ల అయితుంది. నువ్వు జల్ది రా."

"జరముందా? దమ్మొస్తుందా?"

"గవ్వేం లేవు. మంచిగనే ఉన్నది. కడుగాలె గంతే." గొంతు తగ్గించాడు. "నేనెట్ల చేస్త శ్యామలా, కొడుకును. రామవ్వను పిలువాల్నా?"

"రామవ్వకు ఆమె ఏమైతది? నీకు అవ్వ."

పెద్దాయన గొంతు ఇంకా లేవలేదు. నేను ఆ గొంతు మీంచి చూపు తిప్పకుండా, మెల్లగా చెప్పాను. "నీళ్ళు గోరువెచ్చగ కాచుకో. మీద దుప్పటి కప్పి, లోపల చెయ్యి. ఆమె సిగ్గుపడ్తది. మొఖంల మొఖం పెట్టి చూడకు. బాయి ముచ్చట ఏదన్న చెప్పుకుంట చెయ్యి. మెత్తటి బట్టలు అల్మారీల కింది అరల ఉన్నయి."

"గివన్ని చేసి, మల్ల తానం జేసి పోయేసరికి నాకు డ్యూటీ లేటయితది."

"అయితది."

"నువ్వొస్తవ్ గదా?"

పాత శ్యామల అయితే ఈపాటికి సంచి భుజాన వేసుకుని మధులికకు ఏదో నచ్చజెబుతూ ఉండేది. నేను ఆ పాత శ్యామల కోసం ఒక్క క్షణం చూశాను. లేవలేదు ఆమె.

"ఇక్కడ సగంల ఉన్న. నా టైం అయినంకనే వస్త."

"మస్టర్ పోతది శ్యామలా."

"పోనీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత దూరంగా గిన్నె చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, "అవ్వా, ఆగు, వస్తున్న" అన్న ఆయన గొంతు వినబడ్డాయి. కోడలు ఫోన్ బల్ల మీద పెట్టింది. పెద్దాయన గొంతు పైకి లేచి, నింపాదిగా దిగింది. ఇంకో అరచెంచా తీసుకున్నాను. ఆ పిల్ల నా ముఖం వైపు కాకుండా నా చేతి వైపు చూస్తోంది. నేనూ చూసుకున్నాను. చెంచాలో జావ తొణకలేదు.